విశాఖలో విదేశీయుడిపై ఆన్‌లైన్ బ్లాక్‌మెయిల్, ఫోర్జరీ కేసు: అరెస్టు నుంచి బెయిల్ దాకా సమగ్ర మార్గదర్శి

ఆంధ్రా యూనివర్సిటీలోనో గీతంలోనో చదువుకుంటున్న విదేశీ విద్యార్థి కావచ్చు, పోర్టుకు వచ్చిన ఓడలో పనిచేసే నావికుడు కావచ్చు. సైబర్ క్రైమ్ పోలీసులు అరెస్టు చేశారంటే అతని కోసం పరిగెత్తేది స్నేహితులు, ఇంటి ఓనరు, షిప్పింగ్ ఏజెంటు. సొంతవాళ్ళు ఎక్కడో సముద్రాల అవతల ఉంటారు. ఈ వివరాలు అలా పరిగెత్తేవాళ్ళ కోసం, ఇలాంటి కేసు మొదటిసారి చేతికొచ్చిన జూనియర్ లాయర్ల కోసం.

ముందే ఒక మాట. విదేశీయుడి బెయిల్ పిటిషన్ మీద ఎన్ని పేజీల వాదన జరిగినా జడ్జి తేల్చుకోవాల్సిన ముఖ్య విషయం ఒకటే: వదిలిపెడితే ఇతను వచ్చే వాయిదాకు ఈ ఊళ్ళో ఉంటాడా? మీరు తెచ్చే ప్రతి కాగితం ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి. రాజ్యాంగంలోని 21వ అధికరణం పౌరులకే కాదు, ఈ నేల మీదున్న ప్రతి మనిషికీ వర్తిస్తుంది. పరాయి దేశస్థుడన్న ఒక్క కారణంతో బెయిల్ నిరాకరించకూడదు. అయితే ఆ హక్కు కాగితాల బలం మీదే నిలబడుతుంది.

మొదటి అడుగు: సెక్షన్లు చదవండి

ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికి రాగానే కథనం కంటే ముందు సెక్షన్లు చూడండి. నేరం 2024 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ జరిగితే భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్. అంతకుముందు జరిగితే పాత ఐపీసీ. బెయిల్ పిటిషన్ మాత్రం ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ కిందే వేయాలి.

బ్లాక్‌మెయిల్‌కు పోలీసులు మామూలుగా పెట్టేది బీఎన్‌ఎస్ 308(2). బెదిరించి డబ్బు గుంజడం, 7 ఏళ్ళ దాకా శిక్ష, నాన్‌బెయిలబుల్, అంటే బెయిల్ హక్కుగా రాదు, కోర్టు విచక్షణ. ఇక్కడే మొదటి తప్పు దొర్లుతుంది. బాధితులు డబ్బు నిజంగా పంపితేనే ఆ నేరం పూర్తవుతుంది. బెదిరింపు వచ్చింది గానీ రూపాయి కూడా చేతులు మారలేదంటే వర్తించేది 308(3): గరిష్ఠంగా 2 ఏళ్ళు, పైగా బెయిలబుల్. సొమ్ము అప్పగింత లేకుండా ఈ నేరం లేదని సుప్రీంకోర్టు ఐజాక్ ఇసాంగా ముసుంబా కేసులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఎఫ్‌ఐఆర్‌లో యూపీఐ లావాదేవీ గానీ బ్యాంకు బదిలీ గానీ ఉందా, ఉంటే ఏ ఖాతాకు వెళ్ళింది అన్నది వేలు పెట్టి వెతకండి. ప్రాణభయం కలిగించి డబ్బు లాగారంటే మాత్రం 308(5), 10 ఏళ్ళ దాకా.

ఫోర్జరీలోనూ ఇలాంటి మెట్లే ఉన్నాయి. మామూలు ఫోర్జరీ 336(2), 2 ఏళ్ళు, బెయిలబుల్. పరువు తీయడానికి చేస్తే 336(4), 3 ఏళ్ళు, ఇదీ బెయిలబులే. మార్ఫింగ్ ఫొటోల కేసుల్లో వినిపించేది ఇదే. మోసం కోసం చేస్తే 336(3), 7 ఏళ్ళు, నాన్‌బెయిలబుల్. ఆధార్, ఓటరు కార్డు లాంటి ప్రభుత్వ గుర్తింపు పత్రాలను సృష్టిస్తే 337. విలువైన సెక్యూరిటీ పత్రాల, అంటే డబ్బు మీదో ఆస్తి మీదో హక్కు ఇచ్చే కాగితాల ఫోర్జరీ 338. దీనికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది గనుక మేజిస్ట్రేట్ దగ్గర ఆగకుండా సెషన్స్ కోర్టుకు వెళ్ళడమే మేలు. నకిలీ పత్రాన్ని అసలుగా వాడితే 340(2). తయారు చేసినవాడు ఒకడు, ఫార్వర్డ్ చేసినవాడు ఇంకొకడు అయినప్పుడు ఇద్దరినీ ఒకే గాట కట్టడానికి వీల్లేదు. నకిలీ పత్రం తయారు చేసినవాడి మీదే ఫోర్జరీ నిలుస్తుందని 2018లో షీలా సెబాస్టియన్ తీర్పు చెబుతోంది.

ఐటీ చట్టంలో 66సీ (ఇతరుల పాస్‌వర్డ్, గుర్తింపు దొంగిలించడం), 66డీ (ఆన్‌లైన్‌లో ఇంకొకరిలా నటించి మోసం), 66ఈ (ఏకాంతపు ఫొటోలు తీయడం, పంపడం), మొదటిసారి 67 (అశ్లీల సమాచారం): వీటన్నిటికీ 3 ఏళ్ళే గరిష్ఠం, 77బీ ప్రకారం బెయిలబుల్. లైంగిక చర్యల దృశ్యాలు పంపారనే 67ఏ ఉంటే లెక్క మారుతుంది. 5 ఏళ్ళు, నాన్‌బెయిలబుల్. ఐటీ చట్టం కింద దర్యాప్తు చేయాల్సింది ఇన్‌స్పెక్టర్ లేదా ఆపై హోదా అధికారి. కింది హోదా వాళ్ళు చేశారేమో రిమాండు రిపోర్టులో చూడండి.

ఒక్క సెక్షన్ గురించి ప్రత్యేకంగా జాగ్రత్తపడండి: బీఎన్‌ఎస్ 111, వ్యవస్థీకృత నేరం. సైబర్ నేరాలు ఇందులో ఉన్నాయి, కనీస శిక్షే 5 ఏళ్ళు. ఇది చేరిందంటే బెయిల్ బాగా బరువెక్కుతుంది. కానీ గత 10 ఏళ్ళలో ఒకటికి మించి ఛార్జిషీట్లు దాఖలై, కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉంటేనే ఆ సెక్షన్ వర్తిస్తుంది. గత ఏడాది చదువుకోవడానికి వచ్చిన కుర్రాడి మీద ఈ సెక్షన్ కనిపిస్తే బెయిల్ పిటిషన్‌లో మొదటి పేరా దీని మీదే రాయాలి.

రెండో అడుగు: మొదటి 24 గంటలు

అరెస్టు చేసిన 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఎందుకు అరెస్టు చేశారో రాతపూర్వకంగా, నిందితుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. రిమాండు కోసం హాజరుపరచడానికి కనీసం 2 గంటల ముందైనా ఆ కాగితం చేతికి అందాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో మిహిర్ రాజేశ్ షా కేసులో చెప్పింది. ఫ్రెంచి, అరబిక్ తప్ప మరోటి రాని మనిషికి తెలుగులో కాగితం ఇచ్చి సంతకం పెట్టించుకుంటే ఆ హక్కు తీరినట్టు కాదు. ఈ అభ్యంతరం రిమాండు రోజునే మేజిస్ట్రేట్‌తో చెప్పి, రికార్డు చేయమని అడగండి. ఆ పూట నోరు మెదపకుండా నెల తర్వాత హైకోర్టులో ఎత్తితే పదును తగ్గుతుంది.

అదే సమయంలో రాయబార కార్యాలయానికి కబురు వెళ్ళాలి. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం ఇది నిందితుడి హక్కు, అయితే అతను కోరాలి. కాబట్టి "నా దేశపు కాన్సులేట్‌కు తెలియజేయండి" అని అతని చేత రాయించి, ఒక కాపీ దర్యాప్తు అధికారికి, ఒక కాపీ కోర్టుకు ఇవ్వండి. చాలా దేశాల ఎంబసీలు ఢిల్లీలోనే ఉంటాయి గనుక ఈమెయిల్ పంపి, ఫోన్ కూడా చేయండి. కాన్సులేట్ బెయిల్ ఇప్పించదు, లాయరు ఫీజూ కట్టదు. పాస్‌పోర్టు అసలైనదేనని ధ్రువీకరించడం, స్వదేశంలో ఉన్న కుటుంబంతో మాట్లాడించడం, కొన్నిసార్లు దుబాసీని చూపించడం చేస్తుంది. ఆశ్రయం కోరి వచ్చినవాళ్ళకు మాత్రం తమ దేశపు ఎంబసీకి తెలియడమే ప్రమాదం కావచ్చు. అతన్ని అడగకుండా మీరు ఫోన్ చేయకండి.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్న ప్రతి వ్యక్తికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 చట్టం 12వ సెక్షన్ ఇస్తోంది. జాతీయత, ఆదాయం అడ్డు రావు.

ఈ గంటల్లోనే స్నేహితులు చేసే ఘోరమైన పని ఒకటుంది. నిందితుడి ఇన్‌స్టా, టెలిగ్రామ్, జీమెయిల్ పాస్‌వర్డ్ తెలుసు గనుక లాగిన్ అయి చాట్‌లు చెరిపేస్తారు. సాయం అనుకుని చేసే ఆ పని సాక్ష్యాలను మాయం చేయడం కిందికి వస్తుంది. లాగిన్ అయిన సమయం, ఐపీ చిరునామా సర్వర్‌లో ఉంటాయి. నిందితుడేమో అప్పుడు లాకప్‌లో ఉన్నాడు. అంటే బయట ముఠా ఉందని పోలీసులు రాస్తారు. చెరిపినవాళ్ళు నిందితులవుతారు, బెయిల్ పోతుంది. దేన్నీ ముట్టుకోకండి.

బాధితురాలికి ఫోన్ చేయడమూ అంతే. "డబ్బు తిరిగి ఇచ్చేస్తాం, కేసు వాపస్ తీసుకోండి" అని విదేశం నుంచి తల్లి పంపిన వాట్సాప్ సందేశం కూడా సాక్షిని ప్రభావితం చేయడంగానే కోర్టుకు చేరుతుంది. ఆ అమ్మాయి ఇప్పటికే భయంలో బతుకుతోంది. ఆమెను మళ్ళీ కదిలించకండి. రాజీ మాటలేవైనా ఉంటే లాయర్ల ద్వారా, హైకోర్టులో, తర్వాత.

అరెస్టు ఇంకా జరగకపోతే

7 ఏళ్ళ దాకా శిక్ష ఉన్న నేరాలకు ముందు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు, అంటే అరెస్టు చేయకుండా హాజరు కమ్మని పిలిచే నోటీసు ఇవ్వాలి. 2014 అర్నేశ్ కుమార్ తీర్పు సారం ఇదే. వాట్సాప్‌లో పంపిన నోటీసు చెల్లదు. కానీ విదేశీయుల విషయంలో "అరెస్టు చేయకపోతే దేశం దాటుతాడు" అని కారణం రాయడం పోలీసులకు తేలిక. దానికి విరుగుడు ఏమిటంటే, నోటీసు అందగానే లాయరుతో వెళ్ళి హాజరై, ప్రస్తుత చిరునామా రాసిచ్చి, పాస్‌పోర్టును కోర్టులో జమ చేయడానికి సిద్ధమని లిఖితపూర్వకంగా చెప్పడం. అవసరమైతే 482 కింద ముందస్తు బెయిల్. ఆ సమయంలో టికెట్ కొనడం, ఇల్లు ఖాళీ చేయడం, సిమ్ మార్చడం వద్దు. దేశం దాటకుండా ఆపే లుక్ ఔట్ సర్క్యులర్ జారీ అయి ఉంటే ఎయిర్‌పోర్టులో పట్టుబడతారు, ఇక ముందస్తు బెయిల్ మాటే ఉండదు.

మూడో అడుగు: కాగితాల కట్ట

వకాల్తా మీద నిందితుడి సంతకం జైల్లో పెట్టించి, సూపరింటెండెంట్ ధ్రువీకరణ తీసుకోవాలి. విశాఖ కేంద్ర కారాగారం అడవివరంలో ఉంది. వెళ్ళేటప్పుడు రెండు మూడు వకాల్తాలు ఒకేసారి పట్టుకెళ్ళండి. మేజిస్ట్రేట్, సెషన్స్, హైకోర్టు అంటూ ఒక్కోదానికి ఒక్కోసారి తిరిగితే రోజులు వృథా.

ఇక అసలు కట్ట. పాస్‌పోర్టు, వీసా పేజీల కాపీలు, విదేశీయుడిగా రిజిస్ట్రేషన్ చేయించుకున్న రుజువు. విద్యార్థి అయితే యూనివర్సిటీ బోనఫైడ్ సర్టిఫికెట్, హాజరు వివరాలు, రాబోయే పరీక్షల షెడ్యూలు. ఉద్యోగి అయితే కంపెనీ లేఖ. అద్దె ఒప్పందం, దానితోపాటు "బెయిల్ వస్తే మా ఇంట్లోనే ఉంటాడు" అని ఓనరు ఇచ్చే అఫిడవిట్. ఈ చివరి కాగితం లేక ఎన్నో పిటిషన్లు వీగిపోతాయి. అరెస్టు వార్త పేపర్లో పడగానే ఇల్లు ఖాళీ చేయించిన ఓనరు పేరుతో చిరునామా చూపిస్తే, పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఒక్క ఫోన్‌తో అది తేల్చేస్తారు. చిరునామా పాతదైతే ముందు కొత్తది కుదుర్చుకోండి, తర్వాతే పిటిషన్.

నావికుడి పరిస్థితి మరీ కష్టం. అతనికి ఇక్కడ ఇల్లు ఉండదు, ఓడ సరుకు దించుకుని వెళ్ళిపోతుంది. ఓడ రేవులో ఉండగానే షిప్పింగ్ ఏజెంటును కలిసి, యజమాని తరఫున బీమా చూసే పీ అండ్ ఐ క్లబ్ స్థానిక ప్రతినిధితో మాట్లాడి, వసతికీ పూచీకత్తుకూ లేఖ తీసుకోండి. ఓడ లంగరెత్తాక ఆ లేఖ రాబట్టడం చాలా కష్టం.

వీసా గడువు ఇప్పుడే చూసుకోండి. విదేశీయుల కొత్త చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. గడువు దాటి ఉంటే 3 ఏళ్ళ దాకా జైలు లేదా 3 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నకిలీ పాస్‌పోర్టు, వీసా వాడితే 2 నుంచి 7 ఏళ్ళు. ఫోర్జరీ ఆరోపణ వీసా కాగితాల మీదే అయితే బెయిల్ ఎక్కువగా ఈ సెక్షన్ మీదే తేలుతుంది.

బాధితురాలి ఫొటోలు, చాట్ స్క్రీన్‌షాట్లు పిటిషన్‌కు జత చేయకండి. తప్పనిసరైతే సీల్డు కవరులో జడ్జికి ఇవ్వాలి. ఆ బొమ్మలు కోర్టు ఫైల్లో నలుగురి చేతుల్లో తిరగడం ఆమెకు రెండో గాయం.

నాలుగో అడుగు: ఏ కోర్టు, ఏ వాదన

యావజ్జీవం లేని సెక్షన్లయితే ముందు మేజిస్ట్రేట్ దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ 480 కింద. కొట్టేస్తే సెషన్స్ కోర్టులో 483 కింద, ఆ తర్వాత అమరావతిలోని హైకోర్టు. ప్రతి పిటిషన్‌లోనూ అంతకుముందు ఎక్కడెక్కడ వేశారు, ఏమైంది అన్నది దాచకుండా రాయాలి. దాచినట్టు తేలితే అదొక్కటే కొట్టేయడానికి చాలు.

పోలీస్ కస్టడీ పిటిషన్ పెండింగులో ఉంటే బెయిల్ వాయిదా పడుతూ పోతుంది. కొత్త చట్టంలో 15 రోజుల పోలీస్ కస్టడీని మొదటి 40 లేదా 60 రోజుల్లో విడతలవారీగా తీసుకోవచ్చు. కానీ మొదటి 15 రోజుల తర్వాత కూడా కస్టడీ కావాలన్నది ఒక్కటే బెయిల్ నిరాకరించడానికి కారణం కాదని 480 సెక్షన్‌లోనే ఉంది. పిలిస్తే వస్తానని నిందితుడి హామీ పత్రం జత చేయండి.

వాదనలో ఫోన్లు, ల్యాప్‌టాప్ సీజ్ అయ్యాయా అన్నది కీలకం. అయి ఉంటే ఇక చెరపడానికి అతని చేతిలో ఏమీ లేదు. డబ్బు చేరిన ఖాతా ఎవరిది, బెదిరింపు పంపిన సిమ్ ఎవరి పేరున ఉంది, ఐపీ ఎవరి ఇంటిది అనే మూడింటికీ రిమాండు రిపోర్టులో జవాబు లేకపోతే ఆ లోటును వేలెత్తి చూపండి. విదేశీ విద్యార్థులు తమ సిమ్‌నో ఖాతానో రూమ్మేటుకు ఇచ్చి ఇరుక్కోవడం ఉంది. అలాంటప్పుడు ఎప్పుడిచ్చాడు, ఎందుకిచ్చాడు అన్న వివరం దర్యాప్తుకు చెప్పాలా వద్దా అన్నది లాయరుతో తేల్చుకున్నాకే నోరు విప్పాలి.

షరతులు మీరే ప్రతిపాదించండి. పాస్‌పోర్టు కోర్టులో జమ, వారానికోసారి స్టేషన్‌లో సంతకం, నగరం దాటకపోవడం, కొత్త నంబరు తీసుకుంటే తెలపడం. అయితే మోయలేని షరతులకు తలూపవద్దు. గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి పోలీసులకు నిత్యం కనిపించాలన్న షరతును సుప్రీంకోర్టు 2024 జూలైలో ఫ్రాంక్ వైటస్ కేసులో కొట్టేసింది. దేశం విడిచి వెళ్ళడని ఎంబసీ హామీ పత్రం తేవాలన్న షరతు కూడా, ఎంబసీ ఇవ్వనంటే, మనిషిని జైల్లో ఉంచడానికి కారణం కాకూడదని చెప్పింది. అదే కేసులో 2025 జనవరిలో ఇంకో సంగతి తేల్చింది: బెయిల్ పిటిషన్‌లో విదేశీయుల రిజిస్ట్రేషన్ అధికారిని పార్టీగా చేర్చనక్కర్లేదు, బెయిల్ ఇచ్చాక ప్రాసిక్యూషన్ ఆ అధికారికి తెలియజేస్తే చాలు. పార్టీని చేర్చమని వాయిదా వేయబోతే ఈ ఉత్తర్వు ముందుంచండి.

60వ రోజు

క్యాలెండరు గోడకు తగిలించి ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టుకోవాల్సిన తేదీ ఇది. 7 ఏళ్ళ సెక్షన్లకు 60 రోజుల్లో, 338 లాంటి యావజ్జీవ సెక్షన్లకు 90 రోజుల్లో ఛార్జిషీటు రాకపోతే 187(3) కింద బెయిల్ హక్కుగా వస్తుంది. "10 ఏళ్ళ దాకా" అన్న 308(5)కు కూడా 60 రోజులే, ఎందుకంటే 90 రోజుల గడువుకు కనీస శిక్షే 10 ఏళ్ళుండాలి లేదా యావజ్జీవం, మరణశిక్ష ఉండాలి. పాత చట్టం కింద 2017లో వచ్చిన రాకేశ్ కుమార్ పాల్ తీర్పు ఇదే. లెక్క మొదలయ్యేది అరెస్టు నుంచి కాదు, మొదటి రిమాండు తేదీ నుంచి, ఆ రోజునూ కలుపుకుని. 61వ రోజు ఉదయం కోర్టు తెరవగానే పిటిషన్ వేసి, దాఖలు చేసిన సమయం రాయించుకోండి. మధ్యాహ్నం ఛార్జిషీటు వచ్చినా ఆ హక్కు పోదు. మీరు సాయంత్రం దాకా ఆగి, ఈలోగా ఛార్జిషీటు పడితే పోతుంది. విదేశాల్లోని సర్వర్ల నుంచి సమాచారం రావాల్సిన కేసుల్లో ఛార్జిషీటు ఆలస్యం కావడం మామూలే గనుక ఈ తేదీ నిజంగా అక్కరకొస్తుంది.

ఐదో అడుగు: జామీను

బెయిల్ ఉత్తర్వు వచ్చిందని మిఠాయిలు పంచుకుని, జామీనుదారులు దొరక్క మనిషి వారాల తరబడి లోపలే ఉండిపోయే పరిస్థితి విదేశీయులకు ఎక్కువ. పిటిషన్ వేసిన రోజే ఇద్దరిని సిద్ధం చేసుకోండి. ఆధార్, జీవీఎంసీ ఇంటి పన్ను తాజా రశీదు, లేదా జీతం సర్టిఫికెట్, లేదా పొలం పాస్‌బుక్కు వంటివి కావాలి. ఏ విలువకు, ఏ సర్టిఫికెట్లు అన్నది ఆ కోర్టు ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి. తాము ఇప్పటిదాకా ఎంతమందికి పూచీ ఉన్నారో జామీనుదారులు డిక్లరేషన్ ఇవ్వాలి.

కోర్టు ఆవరణలో డబ్బు తీసుకుని పూచీ నిలబడతామనే బ్రోకర్లు తగులుతారు. వాళ్ళ దగ్గరకు పోవద్దు. నకిలీ పన్ను రశీదు పెట్టారని తేలితే, ఫోర్జరీ కేసులో ఉన్న మనిషి బెయిల్ కోసం మళ్ళీ ఫోర్జరీ చేయించినట్టవుతుంది.

స్థానికులు ఎవరూ ముందుకు రాకపోతే 490 కింద నగదు డిపాజిట్‌కు అనుమతి కోరుతూ పిటిషన్ వేయండి. మొత్తం మోయలేనిదైతే 484 కింద తగ్గించమని అడగవచ్చు. స్థానిక జామీనే కావాలని పట్టుబట్టడం విడుదల ఆలస్యానికి ఒక కారణమని సుప్రీంకోర్టు 2023 జనవరి ఉత్తర్వులో గుర్తించి, ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చని సూచించింది. బెయిల్ వచ్చిన 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలనీ అందులోనే ఉంది. అడగండి.

జామీను డబ్బు కట్టే ముందు ఇంకో జిల్లాలోనో రాష్ట్రంలోనో కేసు ఉందేమో కనుక్కోండి. సైబర్ కేసుల్లో పీటీ వారెంటు, అంటే జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కోర్టు తన ముందుకు రప్పించుకునే వారెంటు, తరచుగా వస్తుంది. ఇక్కడ విడుదల ఉత్తర్వు జైలుకు చేరేలోపు అక్కడి పోలీసులు గేటు దగ్గర నిలబడతారు. అలాంటిది ఉంటే అక్కడా పిటిషన్ సమాంతరంగా కదలాలి. ఒకే జామీనుదారులను పలు కేసుల్లో అంగీకరించవచ్చని 2024 ఆగస్టులో గిరీశ్ గాంధీ తీర్పు వచ్చింది, అది ఇక్కడ ఊరట.

విడుదల ఉత్తర్వు సాయంత్రం లాకప్ వేళ దాటి జైలుకు చేరితే మనిషి మర్నాడే బయటికొస్తాడు. శుక్ర, శని వారాల్లో ఉదయమే కదలండి.

బయటికి వచ్చాక

పాస్‌పోర్టు కోర్టులో ఉంటుంది, వీసా గడువు మాత్రం ఆగదు. పొడిగింపు దరఖాస్తుకు పాస్‌పోర్టు కావాలి. ఈ ముడి దగ్గరే చాలామంది మళ్ళీ జైలుకెళ్ళేది. కాబట్టి జమ చేసే ముందే ప్రతి పేజీ స్కాన్ చేసి, సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు చేయండి. గడువు ముగియడానికి ముందే బెయిల్ ఉత్తర్వు జత చేసి విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్యాలయపు ఆన్‌లైన్ పోర్టల్ ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో పొడిగింపు కోరండి. అసలు పాస్‌పోర్టే చూపమంటే, తాత్కాలికంగా ఇవ్వమని కోర్టులో మెమో వేయండి. ఇల్లు మారితే కోర్టుకు, స్టేషన్‌కు, రిజిస్ట్రేషన్ అధికారికి ముగ్గురికీ తెలపాలి. స్టేషన్‌లో సంతకం పెట్టిన ప్రతిసారీ రిజిస్టరు పేజీని ఫొటో తీసుకోనివ్వకపోతే, హాజరైనట్టు ఒక చిన్న లేఖ ఇచ్చి స్టాంపు వేయించుకోండి. బెయిల్ రద్దు పిటిషన్ పడితే ఆ స్టాంపులే కాపాడతాయి.

కేసు కొట్టేశారనో, విడుదలయ్యాడనో నేరుగా ఎయిర్‌పోర్టుకు వెళ్ళకండి. తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకుని పాస్‌పోర్టు వాపసు తెచ్చుకుని, లుక్ ఔట్ సర్క్యులర్ ఉపసంహరించమని దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, వీసా గడువు తీరి ఉంటే ఎగ్జిట్ పర్మిట్ తీసుకున్న తర్వాతే టికెట్ కొనాలి.